మోకాళ్లు త్వరగా అరగదీసుకోవడం ఎలా?

నాట్యం నేర్చుకునే పిల్లలకూ, వాళ్లని తీసుకొచ్చే తల్లులకూ అనుభవం మీద చెబుతున్న సలహాలు

కూచిపూడి నేర్పే పుస్తకాలు బజార్లో చాలానే ఉన్నాయి. హస్తాలెన్నో, శిరోభేదాలెన్నో, చూపులెన్నో లెక్క తప్పకుండా చెబుతాయి. యాభై నిండకుండానే మెట్ల కమ్మీ పట్టుకుని పీతలా పక్కవాటుగా దిగడం ఎలాగో మాత్రం ఒక్క పుస్తకమూ చెప్పదు. ఆ లోటు తీర్చడానికి నేను పూనుకున్నాను.

ముందు నా అర్హతలు చెప్పుకోవాలి. ఏడో ఏట గజ్జె కట్టాను, ముప్పై నాలుగేళ్లు ఆడాను. రెండు మోకాళ్లలో గుజ్జు అరిగింది. కుడి పాదంలో ఒక ఎముక చిట్లింది. ఎడమ చీలమండ ఎన్నిసార్లు బెణికిందో నేనూ అదీ లెక్క వదిలేశాం. ఇవేవీ ఊరికే రాలేదు, ఎంతో క్రమశిక్షణతో సంపాదించుకున్నవి.

మా గురువుగారి హాల్లో ఒక బోర్డు ఉండేది. నందికేశ్వరుడి అభినయదర్పణంలో నర్తకికి పది ప్రాణాలు చెప్పారు కదా, జవం, స్థిరత్వం, రేఖ, భ్రమరి, దృష్టి అంటూ. ఆరోది అశ్రమ. అంటే అలుపు కనబడకపోవడం, ఒళ్లు సునాయాసంగా ఆడటం. బోర్డు రాసిన పెయింటరు ఏ ధ్యాసలో ఉన్నాడో, అకారానికి దీర్ఘం తగిలించి ‘ఆ శ్రమ’ అని రాసి పోయాడు. మేమున్నన్నాళ్లూ ఎవరూ దిద్దలేదు. అక్కడ జరిగేదానికి అదే సరిగ్గా సరిపోయింది మరి. నేను సొంతంగా క్లాసు పెట్టుకున్నప్పుడు అదే బోర్డు, అదే దీర్ఘంతో రాయించుకున్నాను. ఈ సలహాలన్నీ ఆ దీర్ఘానికి వ్యాఖ్యానమే.

మా మేనకోడలు ఫిజియోథెరపిస్టు. నేను రాస్తుంటే భుజం మీదుగా తొంగిచూసి ఒకటే గొడవ. అది అన్న మాటలు కూడా అక్కడక్కడా ఇచ్చాను, ఏం చెయ్యకూడదో మీకు తెలియడానికి.

1. ఒళ్లు వేడెక్కనివ్వకండి

క్లాసు ఆరింటికైతే ఆరుంపావుకి రండి. స్కూటరు దిగి, చున్నీ నడుముకి బిగించి, సరాసరి మూడో కాలంలోకి దూకండి. పది పదిహేను నిమిషాలు మెల్లగా నడిచి, చిన్నగా గెంతి, తుంటినీ చీలమండనీ గుండ్రంగా తిప్పి, చెమట చిరుగా పట్టాక మొదలుపెట్టాలని మేనకోడలు అంటుంది. ఆ పదిహేను నిమిషాల్లో ఒక జతి వచ్చేస్తుంది కదా!

బస్సులో నాలుగు గంటలు కూర్చుని వచ్చి, మేకప్ వేయించుకుంటూ ఇంకో రెండు గంటలు కూర్చుని, పేరు పిలవగానే స్టేజి మీదికి ఉరికితే ఇంకా మంచిది. పిక్క కండరం పట్టేస్తే ఆ ముఖకవళికలు రౌద్రానికి పనికొస్తాయి.

2. పాదాలు తిప్పండి, తుంటి సంగతి తర్వాత

అరమండిలో పాదాలు రెండూ పక్కలకి తిరిగి ఉండాలి. ఎంత తిరిగితే అంత అందం. అయితే ఆ తిరగడం ఎక్కణ్ణుంచి రావాలన్నదే అసలు కిటుకు. తొడ ఎముక తుంటి గిన్నెలో ఎంత తిరిగితే పాదం అంతే తిరగాలట. గిన్నె లోతూ, దాని వాలూ పుట్టుకతో వచ్చేవట. సాధనతో కండరం సాగుతుంది గానీ ఎముక సాగదట.

మనం దానికి లొంగం. మీ తుంటి ఒక్కో వైపు యాభై డిగ్రీలు ఇస్తే, మీరు పాదాన్ని ఎనభైకి తిప్పి నేలకి అతికించేయండి. మిగతా ముప్పై ఎక్కణ్ణుంచో రావాలి కదా. వినాయక చవితి చందాలాగా మోకాలు కొంత, చీలమండ కొంత, అరికాలి వంపు కొంత వేసుకుంటాయి. మోకాలు తలుపు బందు లాంటిది, ముడుచుకోవడం చాచుకోవడం దాని పని. ఆ బందుని రోజూ మెలితిప్పితే తలుపు ఏమవుతుందో మీ ఇంట్లో పిల్లలు ఊగిన గేటుని అడగండి.

సరిగ్గా చేస్తున్నారో లేదో పరీక్షించుకోవడం తేలిక. అరమండిలో కూర్చుని కిందికి చూసుకోండి. మోకాలి చిప్ప రెండో వేలికి సూటిగా ఉంటే మీరు వెనకబడ్డట్టే. బొటనవేలి కంటే లోపలికి వాలితే శభాష్. అలా కొన్నేళ్లు చేశాక చిప్ప వెనకాల ఒక మొండి నొప్పి వస్తుంది. మెట్లు ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడు ఎక్కువ. మూడు గంటల సినిమా చూసి లేచేటప్పుడు మరీ ఎక్కువ. మెట్లు దిగుతుంటే చిప్ప మీద శరీరం బరువుకి మూడింతల భారం పడుతుందట. నేను అందుకే సినిమాలు మానేశాను, నాట్యం మానలేదు.

బ్యాలే వాళ్లదీ ఇదే కథ. వాళ్లు టర్నవుట్ అంటారు. పారిస్‌లో పిల్లయినా పామర్రులో పిల్లయినా తుంటిలో లేనిదాన్ని మోకాలి దగ్గర అప్పు చేస్తుంది. వడ్డీ ఎక్కడైనా ఒకటే.

3. నేల గట్టిగా ఉండాలి

బ్యాలే హాళ్లలో చెక్క నేల వేస్తారు. ఆ చెక్క కింద పట్టీలు, పట్టీల మధ్య ఖాళీ. గెంతి దిగినప్పుడు నేల కాస్త లొంగి దెబ్బని తను తీసుకుంటుంది. ఎంత పిరికితనం! అక్కడ వేళ్ల కొసల మీద నిలబడే బూటుకి కూడా ముందు భాగంలో గుడ్డ, కాగితం, జిగురు పొరలు పొరలుగా పెట్టి పెట్టెలా చేస్తారు. మనకి బూటూ లేదు, పెట్టే లేదు. వట్టి కాలు, కింద గచ్చు. అపార్టుమెంటు సెల్లారు, కల్యాణమండపం గ్రానైటు, డాలస్‌లో అయితే ఇంటి గరాజు. నేలని ఎంత గట్టిగా తడితే చప్పుడు అంత బాగా వస్తుంది. ఆ చప్పుడులో సగం నేలది, సగం మీ ఎముకది.

గ్రానైటు మీద ఎర్ర తివాచీ పరిస్తే చాలని నిర్వాహకులు అనుకుంటారు. వాళ్లని అలాగే అనుకోనివ్వండి. ఆ తివాచీ దెబ్బ ఆపదు, పైగా జారుతుంది. ఒకే ఖర్చుతో రెండు లాభాలు.

ముంగాలి ఎముక లోపలి అంచు పొడవునా సలుపు వస్తే అది తొలిమెట్టు. ఆ సలుపు పోయి, ఒక్క వేలి కొసతో చూపించగలిగినంత చోట నొప్పి నిలబడి, రాత్రి పడుకున్నా తగ్గకపోతే ఎముకలో వెంట్రుకవాసి చీలిక పడిందేమో అనుకోవాలి. మనం అనుకోం. మొదటి రెండు మూడు వారాల్లో ఆ చీలిక ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. “చూశావా, ఏమీ లేదు!” అని పిల్లని మళ్లీ దింపేయడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఎమ్మారై తీస్తే కనబడుతుందని మేనకోడలు సణుగుతుంది. దానికి డబ్బంటే లెక్కలేదు.

4. గజ్జెలు, పళ్లెం

కాలికి నూరు గజ్జెలో రెండు నూర్లో కట్టమని అభినయదర్పణమే చెప్పింది. కాబట్టి ఎనిమిదేళ్ల పిల్లకి కూడా పెద్దవాళ్ల గజ్జెలే కట్టండి. ఒకసారి మా వీధి చివర కిరాణా కొట్టు కాటాలో నా గజ్జెలు పెట్టి చూశాను. జత కిలో రెండొందల గ్రాములు. కొట్టతను “ఏమ్మా, చింతపండా?” అన్నాడు. ఆ చింతపండు కట్టుకుని గంటన్నర గెంతడం నాట్యం.

తరంగం దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ఇత్తడి పళ్లెం అంచు మీద కాళ్లు ఉంచి, వేళ్లతో అంచుని పట్టుకుని, పళ్లాన్ని జరుపుకుంటూ తాళం వెంబడి వెళ్లడం. నెత్తిన నీళ్ల చెంబు కూడా పెట్టుకునేవాళ్లున్నారు. చూసేవాళ్లకి చెంబు కనబడుతుంది. ఆడేవాళ్లకి తెలిసేది బొటనవేలు. దాన్ని వంచే నరం లాంటి తాడు పిక్కలోంచి బయల్దేరి, చీలమండ లోపలి పక్కనుంచి వంపు తిరిగి, అరికాలి కిందుగా వేలిదాకా పోతుంది. పట్టు బిగించిన ప్రతిసారీ ఆ వంపు దగ్గర ఒరుసుకుంటుంది. వేళ్ల కొసల మీద నిలబడే బ్యాలే వాళ్లకీ ఆ తాడే వాచేది. చీలమండ వెనక లోపలి పక్క నొప్పి, బొటనవేలు ఆడిస్తే చిన్న కిర్రు.

పళ్లెం సాధన పాదం బలపడ్డాక, కొద్దికొద్దిగా, జారని నేల మీద మొదలుపెట్టాలని కొందరంటారు. మీరు మాత్రం టైల్స్ మీద, మొదటి రోజే, పాట మొత్తం.

5. ఏడాది పని మూడు నెలల్లో

ఇది నా ప్రత్యేక సలహా. మిగతావన్నీ మరిచిపోయినా దీన్ని మరవకండి.

పిల్ల ఏడాది పొడవునా వారానికి మూడు గంటలు చేస్తుంది. రంగప్రవేశానికి హాలు దొరికింది, కార్డులు అచ్చయ్యాయి. అప్పుడు ఒక్కసారిగా రోజుకి మూడు గంటలు చేయించండి. అమెరికా నుంచి జూన్‌లో దిగి ఆగస్టులో రంగప్రవేశం చేసి వెళ్లే పిల్లలకైతే ఉదయం మూడు, సాయంత్రం మూడు. ఎముకా, కండరమూ రోజూ కాస్త చితికి, విశ్రాంతిలో మళ్లీ కట్టుకుని, ఇదివరకటికంటే గట్టిపడతాయట. పడ్డ భారానికి తగ్గట్టు కట్టుకోవడానికి వాటికి వారాలు పడుతుందట. మేస్త్రీకి సిమెంటు ఆరే టైమివ్వకుండా రోజుకో అంతస్తు లేపమంటే ఇల్లు ఏమవుతుందో, మీరు ఆ రంగంలో కొత్త ప్రయోగం చేస్తున్నారన్నమాట.

పదీ పదిహేనేళ్ల మధ్య పిల్లలు ఉన్నట్టుండి పొడుగవుతారు. ఎముక ముందు పెరుగుతుంది, కండరం దాన్ని అందుకోవడానికి తంటాలు పడుతుంది. అప్పుడు చిప్ప కింద, ముంగాలి ఎముక మొదట్లో నొప్పి, చిన్న బొడిపె. అది చాలామందికి ఎదుగుదల ఆగాక తగ్గిపోయేదే, ఆ కొన్నాళ్లూ గెంతులు తగ్గిస్తే చాలట. గెంతులు పెంచడానికి ఇదే అదను.

6. నొప్పికి ఆటే మందు

“నొప్పి నీకా, తాళానికా?” అనేవారు మా గురువుగారు. జవాబు ఇప్పటికీ తోచలేదు. నొప్పి పుడితే ఒక మాత్ర వేసుకోండి, తగ్గకపోతే రెండు, ఖాళీ కడుపున. మాత్ర చీలికని అతికించదు, దాని అరుపు వినబడకుండా చేస్తుంది. ఇల్లు తగలబడుతుంటే కుక్క మొరుగుతోందని కుక్కని కట్టేసినట్టు.

ఈ సంప్రదాయం మనకే పరిమితం కాదు. ఫ్రెంచి రాజు పద్నాలుగో లూయీ ఆస్థానంలో లల్లీ అనే సంగీతకారుడు ఉండేవాడు. బ్యాలేలకి సంగీతం కట్టాడు, యవ్వనంలో రాజుతో కలిసి స్వయంగా నాట్యమాడాడు. 1687లో, రాజుకి ఒంట్లో నిమ్మళించిన సందర్భంలో కచేరీ నడిపిస్తూ, తాళం కొట్టే పొడుగాటి కర్రతో తన కాలి వేలినే పొడుచుకున్నాడు. పుండు ముదిరి కుళ్లింది. కాలు తీసేయాలంటే ససేమిరా అన్నాడట. నాట్యమాడిన కాలు కదా. ఆ మార్చిలోనే పోయాడు. మన శాఖకి మూలపురుషుడు అనదగ్గవాడు.

7. బెణికిందా, తోమించండి

చీలమండ మెలికపడి కోడిగుడ్డంత వాచింది. వెంటనే వేణ్ణీళ్ల కాపడం, ఆపైన నూనె పోసి గట్టిగా తోమడం. లోపల తెగిన పోగులు మిగతావాటిని కూడా కలుపుకుంటాయి. నడుం పట్టిందా, ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లని వెతికి తొక్కించండి. మా పేటలో అలాంటి పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. తొంభై కిలోలు. నడుం పట్టు పోయిందని ఆయన పాదం కింద నేను మూడుసార్లు ఒప్పుకున్నాను, నాలుగోసారి ఒప్పుకునే ఓపిక లేక.

మేనకోడలి పద్ధతి వేరు. మొదటి రెండు రోజులూ తోమడం వద్దు, కాపడం వద్దు. గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను నిమిషాల చొప్పున, మెత్తటి కట్టు, కాలు దిండు మీద ఎత్తుగా. దెబ్బ తగిలిన వెంటనే గానీ తర్వాత గానీ ఆ కాలి మీద నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండ ఎముక మీద నొక్కితే ప్రాణం పోతున్నా, ఎక్స్‌రే. వాపు తగ్గాక ఒంటికాలి మీద నిలబడే సాధన, అది చేయకపోతే అదే కాలు మళ్లీ మళ్లీ బెణుకుతుందట. ఈ చివరి మాట ఎందుకో నా ఎడమ కాలికి తగిలింది.

8. తిండి తగ్గించండి

“కాస్త ఒళ్లు చేశావే” అని ఒక్క మాట అంటే చాలు, పిల్ల రాత్రి అన్నం మానేస్తుంది. ప్రోగ్రాం రోజున అసలే పెట్టకండి, వడ్డాణం బిగుతుగా పట్టాలి. మంచినీళ్లు కూడా వద్దు, ఆ కాస్ట్యూమ్‌తో బాత్‌రూమ్‌కి ఎవరు తీసుకెళతారు?

కొన్నాళ్లకి నెలసరి ఆగుతుంది. కంగారుపడకండి, సౌకర్యం అనుకోండి. తిండి చాలకపోవడం, నెలసరి తప్పడం, ఎముక గుల్లబారడం, ఈ మూడూ ఒకే తాడుకి ముళ్లని 1992లోనే అమెరికా క్రీడావైద్యులు గుర్తించి పేరు పెట్టారు. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఇంకా ముందుకెళ్లి, చాలని తిండి మగపిల్లల్నీ దెబ్బతీస్తుందని, గుండె, రోగనిరోధకం, మనసు దాకా పాకుతుందని చెప్పింది. ఎముకల్లో చేరాల్సిన గట్టిదనంలో చాలా భాగం ఇరవై రాకుండానే చేరాలట. ఆ వయసులోనే మనం పిల్లల్ని పస్తులుంచుతున్నాం. మూడు నెలలు వరసగా నెలసరి రాకపోయినా, పదిహేను నిండినా మొదలవకపోయినా డాక్టరుకి చూపించాలని మేనకోడలి ఉవాచ. మనమైతే ఎవరికీ చెప్పం, పెళ్లి కావాల్సిన పిల్ల.

9. మరికొన్ని చిట్కాలు

సవరం, జడకుచ్చులు, పువ్వులు, జడ బిళ్లలు కలిపి ఎంత బరువైతే భామ అంత భామ. నుదుటి దగ్గర జుట్టు పలచబడితే పాపిటబిళ్ల అడ్డం పెట్టండి.

అరికాలు పగిలితే పారాణి పూయండి. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టుంటే, పది అడుగులు నడిస్తే సర్దుకుంటుంది. రేపు పొద్దున్న మళ్లీ కొత్తగా ఉంటుంది.

డాక్టరు దగ్గర నర్తకినని చెప్పకండి. చెబితే ఏ కదలికలో నొప్పి, ఏ నేల, ఎన్ని గంటలు అని అడిగి, నాట్యం మానకుండానే ఏం తగ్గించాలో చెప్పేస్తారు. మనకి కావలసింది “పూర్తిగా మానెయ్యి” అనే డాక్టరు. అప్పుడైతే ఆయన మాట మొత్తం కొట్టిపారేయవచ్చు.

తల్లుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేడమ్, మా పాప వారం నుంచి కుంటుతోంది. ఎల్లుండి దసరా ప్రోగ్రాం. ఏం చెయ్యమంటారు?
జవాబు: ఏ కాలు కుంటుతోందో చూసి, ఆ వైపు ఆఖరి వరసలో నిలబెట్టమనండి.

ప్రశ్న: నాట్యంతో పాటు కండరాలకి వేరే వ్యాయామం కూడా కావాలంటున్నారు, నిజమా?
జవాబు: పిరుదులూ తొడలూ పొట్టా బలపడితే మోకాలికి పడే భారం తగ్గుతుందట. అప్పుడు మోకాలు ఎన్నటికి అరుగుతుంది?

ప్రశ్న: మా అబ్బాయి కూడా నేర్చుకుంటున్నాడు. వాడికీ ఇవన్నీ వర్తిస్తాయా?
జవాబు: కూచిపూడిలో ఒకప్పుడు ఆడవేషాలూ మగవాళ్లే కట్టారు. మోకాలికి ఆ తేడా తెలియదు. రెండు చిప్పలూ తీసుకుని పంపించండి.

ప్రశ్న: వారంలో ఒక రోజు సెలవు ఇవ్వచ్చా?
జవాబు: ఇవ్వచ్చు. ఎమ్మారై రోజున.

ఆఖరి మాట

ఇంత రాసి, నిన్న సాయంత్రం మేనకోడలి చేతికిచ్చాను, తప్పులుంటే దిద్దమని. అటూ ఇటూ తిరగేసి బల్ల మీద పెట్టింది. ఒక్క అక్షరం దిద్దలేదు. లేచి వెళ్లి, స్టూలు లాక్కుని ఎక్కి, గోడ మీది బోర్డులో ఆరో ప్రాణం దగ్గర చాకు మొనతో గీకింది. పాత పెయింటు పొట్టు రాలింది.

“ఇంతే అత్తా తప్పు” అని దిగి, చేతులు దులుపుకుని వెళ్లిపోయింది.

క్లాసుకి వచ్చిన పిల్లల్లో పదకొండేళ్లది ఒకతి బోర్డు వంక చూసి, “టీచర్, అశ్రమ అంటే ఏంటి?” అంది. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. చెప్పాను. “అయితే నాకు మోకాలు నొప్పిగా ఉంది, కూర్చోనా?” అని, నేను ఔనని గానీ కాదని గానీ అనకుండానే గోడకి చేరబడి కూర్చుంది. మిగతా పిల్లలంతా నా వంక చూశారు. మా గురువుగారి మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఏమైందో, తాళం మొదలుపెట్టేశాను.

ఇలా అయితే క్రమశిక్షణ ఏం కావాలి? రాత్రి అందరూ వెళ్లాక, ఆ దీర్ఘం మళ్లీ పెట్టేద్దామని బ్రష్షూ పెయింటూ తెచ్చుకున్నాను. స్టూలు సరిగ్గా జరుపుకున్నాను. కుడి కాలు ఎత్తాను, ఎక్కలేదు. ఎడమ కాలు ప్రయత్నించాను, అదీ ఎక్కలేదు.

ప్రస్తుతానికి బోర్డు అలాగే ఉంది.